పక్కకు పది సెంటీమీటర్లు: చక్రాల రోబోను నడపడంలోని అసలు చిక్కు

రెండు చక్రాల మీద నడిచే ఒక రోబో ఉందనుకుందాం. అది ఆగవలసిన చోటు దానికి సరిగ్గా పది సెంటీమీటర్లు కుడిపక్కన ఉంది. ముఖం సరైన దిక్కుకే ఉంది, అడ్డం ఏమీ లేదు, బ్యాటరీ నిండుగా ఉంది. అయినా ఆ పది సెంటీమీటర్లు అది నేరుగా జరగలేదు, ఎందుకంటే చక్రం ముందుకో వెనక్కో దొర్లుతుంది తప్ప పక్కకు దొర్లదు. ఇరుకైన చోట కారు నిలపడానికి దాన్ని ముందుకూ వెనక్కూ ఆడించినవారికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. అయితే దీని వేరు గణితంలో ఎంత లోతుకు దిగి ఉందో 1983 దాకా స్పష్టంగా బయటపడలేదు, బయటపడిన తర్వాత దాని చుట్టూ ఒక పరిశోధన శాఖే పెరిగింది.

ఒక ఇంజనీరింగ్ ఆచార్యుడు 'మొబైల్ రోబోటిక్స్, కంట్రోల్ సిస్టమ్స్' రంగంలో పరిశోధన చేస్తున్నారని వినగానే చాలామందికి తట్టేది కృత్రిమ మేధ: మనిషిని గుర్తుపట్టే కెమెరా, తనంతట తాను దారి వెతుక్కునే యంత్రం. ఆ ఊహ తప్పు కాదు గానీ, అందులో సగం విషయమే ఉంది. చూడటం, గుర్తించడం, దారి ఎంచుకోవడం ఒక ఎత్తు. ఎంచుకున్న దారి మీద ఇంత బరువును, ఈ మోటార్లతో, ఈ నేల మీద తప్పిపోకుండా నడిపించి, అనుకున్న చోట ఆపడం మరో ఎత్తు. నియంత్రణ శాస్త్రం పట్టించుకునేది ఈ రెండోదాన్ని. నా దృష్టిలో ఈ రంగంలోని గట్టి ప్రశ్నలు రోబో మెదడులో కన్నా చక్రం నేలను తాకే అంగుళం మేరలోనే ఎక్కువగా ఉన్నాయి.

నియంత్రణ అంటే మూలంలో చాలా చిన్న సంగతి. ఉండవలసిన స్థితి ఏదో తెలుసుకోవాలి, ఇప్పుడున్న స్థితిని కొలవాలి, రెంటి మధ్య తేడాను బట్టి సవరించాలి, మళ్ళీ కొలవాలి. ఈ చక్రభ్రమణాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడల చుక్కాని పట్టే నావికులను గమనించి, మంచి నావికుడు మూడు విషయాలను ఏకకాలంలో పట్టించుకుంటాడని గణితరూపంలో చెప్పాడు: ఓడ ఇప్పుడు ఎంత పక్కకు పోయింది, ఎంతసేపటినుంచి అలా పోతూ ఉంది, ఆ తేడా ఎంత త్వరగా మారుతోంది. నేటికీ పరిశ్రమల్లో అత్యధికంగా వాడే పీఐడీ కంట్రోలర్ ఈ మూడు గమనింపుల మొత్తమే. రోబో చక్రాన్ని తిప్పే మోటారు లోపల కూడా సాధారణంగా అదే కూర్చుని ఉంటుంది, కాబట్టి 'చక్రాన్ని ఇంత వేగంతో తిప్పు' అన్న ఆజ్ఞను అమలు చేయడం ఈనాడు పెద్ద సమస్య కాదు.

సమస్య ఎక్కడ మొదలవుతుందంటే, కొలతకూ సవరణకూ మధ్య ఆలస్యం చొరబడినప్పుడు. ఒక రోబో గీత వెంట నడుస్తోంది. గీతకు ఎంత దూరం జరిగిందో కెమెరా చూసి చెప్పడానికి 0.2 సెకన్లు పడుతుంది. అంటే సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే రోబో ఎప్పుడూ 20 సెంటీమీటర్లు వెనకటి తన స్థితిని చూసి నిర్ణయం తీసుకుంటోంది. తేడా ఎంత ఉంటే అంతకు కొన్ని రెట్ల వేగంతో దాన్ని తగ్గించాలన్నది మన నియమం అనుకుందాం. ఆ రెట్ల సంఖ్య సెకనుకు సుమారు 1.8 దాటనంతవరకు రోబో మెత్తగా గీత మీదికి వస్తుంది. అది దాటితే గీతకు ఇటూ అటూ ఊగుతూ క్రమంగా సర్దుకుంటుంది. 7.85 దాటితే ఊగిసలాట ప్రతిసారీ పెరిగి గీతను వదిలేసి పోతుంది. ఈ హద్దులు ఏ ప్రయోగంలోనో తేలినవి కావు, అత్యంత సరళమైన సమీకరణం నుంచి వచ్చినవి. ఆలస్యం సగానికి తగ్గితే హద్దులు రెట్టింపవుతాయి. గట్టిగా సరిదిద్దితే త్వరగా దారికొస్తుందన్న సహజమైన ఊహ ఇక్కడ తలకిందులవుతుంది. ఆలస్యంగా వచ్చిన సమాచారం మీద గట్టిగా స్పందించడం నెమ్మదిగా స్పందించడం కన్నా ప్రమాదకరం.

1979లో హన్స్ మోరవెక్ నడిపిన స్టాన్‌ఫర్డ్ కార్ట్ ఈ ఆలస్యాన్ని దాని చివరి అంచు దాకా చూపించింది. అది మీటరు దూరం నడిచి ఆగి, చిత్రాలు తీసుకుని, పది పదిహేను నిమిషాలు లెక్కలు వేసుకుని, మళ్ళీ మీటరు నడిచేది. కుర్చీలు పరిచిన గదిని దాటడానికి సుమారు అయిదు గంటలు పట్టింది. ఆ మీటరు దూరం మాత్రం అది గుడ్డిగానే నడిచేది. కంప్యూటర్ల వేగం పెరిగి నేడు ఆ పది నిమిషాలు సెకనులో చిన్న భాగానికి తగ్గాయి గానీ, రోబోల వేగం కూడా పెరిగింది కనుక ఆలస్యం పోలేదు.

ఇక మళ్ళీ ఆ పది సెంటీమీటర్ల దగ్గరికి వద్దాం. నేల మీద రోబో స్థితిని చెప్పడానికి మూడు సంఖ్యలు కావాలి: పొడవున ఎక్కడుంది, అడ్డంగా ఎక్కడుంది, ముఖం ఎటుంది. కానీ మన చేతిలో ఉన్న మీటలు రెండే: రెండు చక్రాలూ కలిసి తిరిగితే ముందుకు వేగం, తేడాగా తిరిగితే మలుపు. మూడు కావాలి, రెండే ఉన్నాయి. అలాగని మూడో సంఖ్య మన చేయి దాటిపోలేదు. రోబో పది సెంటీమీటర్లు ముందుకు పోయి, ఎడమకు పది డిగ్రీలు తిరిగి, పది సెంటీమీటర్లు వెనక్కి వచ్చి, కుడికి పది డిగ్రీలు తిరిగిందనుకోండి. నాలుగు కదలికలూ ఒకదానికొకటి విరుద్ధమైనవే కాబట్టి మొదటికే వచ్చిందనిపిస్తుంది. నిజానికి అది 1.74 సెంటీమీటర్లు కుడివైపుకు, మిల్లీమీటరున్నర ముందుకు జరిగి ఉంటుంది. ఇదే ఆటను దాదాపు ఆరుసార్లు ఆడితే మన పది సెంటీమీటర్లు పూర్తవుతాయి. ఇలా తక్షణ కదలికను అడ్డుకుంటూనే చివరి గమ్యాన్ని అడ్డుకోని ఆంక్షను నాన్‌హోలోనమిక్ ఆంక్ష అంటారు. పరిశోధన పత్రాల శీర్షికల్లో ఈ మాట కనబడగానే కంగారు పడనక్కరలేదు. 'చక్రం పక్కకు జారదు' అన్నదే దాని తాత్పర్యం.

ఇప్పుడు అదే ఆటను పదో వంతు కొలతలతో ఆడి చూద్దాం: ఒక సెంటీమీటరు ముందుకు, ఒక డిగ్రీ ఎడమకు, ఒక సెంటీమీటరు వెనక్కి, ఒక డిగ్రీ కుడికి. పక్కకు జరిగేది 0.17 సెంటీమీటర్లు కాదు, 0.17 మిల్లీమీటర్లు. కదలికలు పదో వంతయితే ఫలితం నూరో వంతయింది, ఎందుకంటే పక్క కదలిక అనేది నడకా మలుపూ అనే రెండు చిన్న రాశుల గుణకారం. గమ్యానికి ఎంత దగ్గరైతే పక్కకు జరగడం అంత ఖరీదైపోతుంది. మామూలు నియంత్రణ పాఠాలలో మొదటి అడుగు, గమ్యం దగ్గర వ్యవస్థను సరళరేఖలా భావించి చిన్న రాశుల గుణకారాలను వదిలేయడం. ఇక్కడ అలా వదిలేస్తే పక్క కదలిక పూర్తిగా మాయమై, రోబోను నియంత్రించడం అసాధ్యమని లెక్క చెబుతుంది. సాధ్యమని కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని పాఠ్యపుస్తక పద్ధతి అసాధ్యమంటుంది.

అక్కడికక్కడే తిరగగల రోబో కుడికి 90 డిగ్రీలు తిరిగి, పది సెంటీమీటర్లు నడిచి, మళ్ళీ యథాస్థానానికి తిరిగితే సరిపోదా అని పాఠకుడికి సందేహం రావాలి. సరిపోతుంది, కానీ అది ముందే రాసిపెట్టుకున్న కార్యక్రమం. చివర్లో చక్రం కొంచెం జారి రెండు మిల్లీమీటర్లు మిగిలిపోతే మళ్ళీ 90 డిగ్రీలు తిరగాలా? ఆ తేడా కుడికి కాక ఎడమకు ఉంటే ఎడమకు 90 డిగ్రీలా? అప్పుడు వెంట్రుకవాసి తేడాకు రోబో కుడికీ ఎడమకూ దిగ్గున తిరుగుతూనే ఉంటుంది. మనకు కావలసింది ఎక్కడున్నా, ఎలా తప్పినా, ప్రస్తుత స్థితిని మాత్రమే చూసి, కుదుపు లేకుండా సాఫీగా మారే ఆజ్ఞతో గమ్యానికి చేర్చి అక్కడ నిలబెట్టే ఒకే నియమం. అలాంటి నియమం ఈ రోబోకు లేదని, ఎవరూ ఇంకా కనుక్కోకపోవడం వల్ల కాక అసలు ఉండే వీలే లేక లేదని, 1983లో హార్వర్డ్‌కు చెందిన రోజర్ బ్రాకెట్ నిరూపించిన షరతు తేల్చింది. స్థూలంగా ఆయన చెప్పింది ఇది: సాఫీ నియమంతో ఒక చోట నిలబెట్టాలంటే, ఆ చోటి పరిసరాల్లో అన్ని దిక్కులకూ ఎంత చిన్నదైనా వేగాన్ని పుట్టించగలగాలి, చక్రాల రోబోకు పక్క దిక్కు మూసుకుపోయి ఉంది.

'కాదు' అని చెప్పే సిద్ధాంతం ఒక రంగాన్ని ఇంతగా కదిలించడం అరుదు. ఏ షరతును వదులుకుంటే పని జరుగుతుందో అది స్పష్టంగా చూపించింది మరి. కొందరు సాఫీతనాన్ని వదులుకుని, కొన్ని గీతలు దాటినప్పుడు ఆజ్ఞ హఠాత్తుగా మారే నియమాలు రాశారు. 1990 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో క్లోడ్ సామ్సన్ 'ప్రస్తుత స్థితిని మాత్రమే చూసి' అన్న షరతును వదులుకుని, నియమంలోకి గడియారాన్ని తెచ్చాడు: గమ్యానికి దగ్గరవుతున్నకొద్దీ తగ్గుతూపోయే ఒక ఊపును రోబోకు కలిగిస్తే, ఆ ఊపులోంచే పక్క కదలిక పుడుతుంది. గణితపరంగా ఇది ఎంతో అందమైనది. చూడటానికి మాత్రం రోబో ఎటూ తేల్చుకోలేక తారట్లాడుతున్నట్టే ఉంటుంది, పైగా చివరి మిల్లీమీటర్లను అది చాలా నెమ్మదిగా దాటుతుంది.

మూడో మార్గం ప్రశ్ననే మార్చేయడం, ఆచరణలో ఎక్కువగా గెలిచింది కూడా ఇదే. ఒక చోట ఆగమని కాకుండా, ముందు నడుస్తున్న ఒక ఊహా రోబోను వెంబడించమని ఆజ్ఞాపిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. నిలబడి ఉన్నప్పుడు పక్కకు జరగడం రెండు చిన్న రాశుల గుణకారం; నడుస్తున్నప్పుడు మాత్రం ఉన్న వేగాన్ని కొద్దిగా మళ్ళిస్తే చాలు, పక్కకు జరిగిపోతాం. ఈ దారిలో 1990లో యుటాకా కనాయామా బృందం ఇచ్చిన నియమాన్ని ఇప్పటికీ తరగతుల్లో చెబుతారు. దాన్ని మాటల్లో పెడితే: ఊహా రోబో వెనక ఎంత ఉంటే అంత వేగం పెంచు, అది ఎంత పక్కన ఉంటే, అది ఎంత వేగంగా పోతుంటే, అంతగా అటు తిరుగు, ముఖాల మధ్య కోణం ఎంత ఉంటే అంతగా సరిదిద్దుకో. ఊహా రోబో ఆగిపోతే రెండో వాక్యం సున్నా అయిపోతుందని గమనించండి. బ్రాకెట్ షరతు అక్కడ తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఆ ఊహా రోబో నడవవలసిన దారి కూడా చక్రాలకు సాధ్యమైనదై ఉండాలి. ముందుకు మాత్రమే పోగలిగి, ఒక హద్దుకు మించి ఇరుగ్గా తిరగలేని బండికి అతి దగ్గరి దారి గరిష్ఠ మలుపు చాపాలతోనూ సరళరేఖలతోనూ, మూడు ముక్కలకు మించకుండా ఏర్పడుతుందని 1957లో లెస్టర్ డూబిన్స్ నిరూపించాడు. వెనక్కి కూడా పోగల బండికి 1990లో రీడ్స్, షెప్ ఆ పని చేశారు. అన్ని దిక్కులకూ దొర్లే మెకానమ్ చక్రాలు వాడితే ఈ గొడవంతా ఉండదు కదా అంటే నిజమే, కానీ వాటి అంచు చుట్టూ ఏటవాలుగా ఉండే చిన్న రోలర్లకు చదునైన నేల కావాలి, జారుడూ ఎక్కువ. ఒక చిక్కును వదిలించుకుని మరొకటి తగిలించుకోవడమే అవుతుంది.

ఇలాంటి నియమం ఎప్పుడూ పనిచేస్తుందని ఎలా చెబుతారు? వెయ్యిసార్లు నడిపి చూస్తే వెయ్యిన్నొకటోసారికి హామీ రాదు. ఇక్కడ పరిశోధకులు ఆశ్రయించేది 1892లో అలెగ్జాండర్ ల్యాపునోవ్ ఇచ్చిన ఆలోచన. గిన్నె లోపల వదిలిన గోళీ ఏ దారిన దొర్లిందో తెలియకపోయినా, దాని ఎత్తు తగ్గుతూనే ఉందని చూపిస్తే చాలు, అది అడుగునే ఆగుతుందని చెప్పవచ్చు. అలాగే రోబో తప్పులన్నిటినీ కలిపి ఒక సంఖ్యగా పేర్చి, మన నియమం కింద ఆ సంఖ్య ఎన్నడూ పెరగదనీ, తప్పు మిగిలి ఉన్నంతవరకు ఎక్కడా ఆగిపోదనీ చూపిస్తారు. అలాంటి సంఖ్యను కనుక్కోవడానికి సాధారణ సూత్రం లేదు. ఒక పరిశోధన విద్యార్థి ఏడాది కాలం దానికోసమే ఖర్చయిపోవడం ఈ రంగంలో వింత కాదు.

ఇంతవరకూ రోబోకు తానెక్కడుందో తెలుసన్న భరోసా మీద మాట్లాడాం. ఆ భరోసా ఎంత పలచనిదో ఒక లెక్క చూపిస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, చక్రాల వ్యాసం పది సెంటీమీటర్లు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో ఎన్‌కోడర్ లెక్కపెడుతుంది, దాన్నిబట్టి దూరం కడతారు. దీన్ని ఓడోమెట్రీ అంటారు. ఇప్పుడు కుడి చక్రం వ్యాసం కేవలం ఒక మిల్లీమీటరు ఎక్కువగా ఉందనుకుందాం. రెండూ సమానంగా తిరుగుతున్నాయి కనుక రోబో తాను తిన్నగా పోతున్నాననే నమ్ముతుంది. పది మీటర్లు పోయేసరికి కుడి చక్రం పది సెంటీమీటర్లు ఎక్కువ నడిచి ఉంటుంది, రోబో ముఖం ఎడమకు 19 డిగ్రీలు తిరిగి ఉంటుంది, దారికి 1.66 మీటర్లు పక్కన ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు! రబ్బరు టైరు మీద బరువు కాస్త ఒకవైపుకు ఒరిగినా ఆ తేడా రావచ్చు.

ఈ లోపాన్ని కొలవడానికి 1990ల మధ్యలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో బొరెన్‌స్టీన్, ఫెంగ్ ఒక పరీక్ష పెట్టారు: రోబోను నాలుగు మీటర్ల భుజమున్న చతురస్రం చుట్టూ నడిపించి, మొదలుపెట్టిన చోటికి ఎంత దూరంలో ఆగిందో చూడటం. అందులోని తెలివంతా ఆ నడకను సవ్యంగానూ అపసవ్యంగానూ రెండువైపులా చేయించడంలో ఉంది. చక్రాల వ్యాసంలో తేడా ఒక తప్పు; చక్రాల మధ్య దూరాన్ని తప్పుగా కొలుచుకోవడం మరో తప్పు. ఒకవైపు తిరుగుతున్నప్పుడు ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుని రోబో అచ్చంగా బయలుదేరిన చోటికే రావచ్చు. అటునుంచి ఇటు తిప్పితే రెండూ కూడబలుక్కుని బయటపడతాయి. ఒకే వైపు పరీక్షించి సంతోషపడిన పరిశోధకుడు రెండు తప్పులున్న రోబోను తప్పులేనిదిగా నమ్ముతాడు.

కొలతలన్నీ తప్పే అయినప్పుడు చేయగలిగింది వాటిని తెలివిగా కలపడం. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ఇచ్చిన వడపోతలో సారాంశం ఇదే. ఓడోమెట్రీ పది మీటర్లు వచ్చామని, 30 సెంటీమీటర్ల అనుమానంతో చెబుతోంది. గోడను చూసిన లేజర్ 10.4 మీటర్లని, పది సెంటీమీటర్ల అనుమానంతో చెబుతోంది. అనుమానాల వర్గాలు (30×30, 10×10) 900, 100; అనుమానం ఎక్కువైనదానికి విలువ తక్కువ కాబట్టి మొదటి మాటకు పదో వంతు, రెండోదానికి తొమ్మిది వంతుల విలువనిస్తే 10.36 మీటర్లు వస్తుంది. మిగిలిన అనుమానం తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, అంటే రెండు సాక్ష్యాలలో మెరుగైనదానికన్నా కొంచెం తక్కువ. చెడ్డ కొలత కూడా తన చెడ్డతనాన్ని నిజాయితీగా చెప్పుకుంటే పనికొస్తుంది. చెప్పుకోనప్పుడు ఏమవుతుందో 2005 ఏప్రిల్‌లో అంగారకుడి మీద తెలిసింది. నాసావారి ఆపర్చునిటీ రోవర్ ఒక చిన్న ఇసుకదిబ్బలో కూరుకుపోయి, చక్రాలు పదుల మీటర్ల దూరానికి సరిపడా తిరిగినా దాదాపు అక్కడే ఉండిపోయింది. చిత్రాలను పోల్చి కదలికను సరిచూసుకునే పద్ధతి దానిలో ఉంది, కానీ అప్పటి ప్రాసెసర్ మీద అది బాగా నెమ్మది కనుక చదునైన నేల మీద దాన్ని వాడకుండా చక్రాల లెక్కనే నమ్మారు. బయటపడటానికి జూన్ మొదటి వారం దాకా పట్టింది. ఆ తర్వాత దూర ప్రయాణాల్లో మధ్యమధ్య ఆగి, జారుతున్నామా అని చూసుకోవడం అలవాటు చేశారు.

అడ్డంకులను తప్పించుకోవడం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, దాని మీద తేలికగా దొరికే వివరణలు చాలా ఉన్నాయి. 1986లో ఒసామా ఖాతిబ్ ప్రచురించిన పద్ధతిలో గమ్యం అయస్కాంతంలా లాగుతుంది, అడ్డంకులు తోస్తాయి; రోబో ఆ రెంటి మొత్తాన్ని అనుసరిస్తుంది. ముందు గుర్రపునాడా ఆకారంలో గోడ ఉంటే లాగుడూ తోపుడూ సమానమైన చోట రోబో బిక్కమొహంతో నిలిచిపోతుంది. అనేక రోబోలు ఒక వరుసలో నడవడమనే మరో పెద్ద శాఖలో, ప్రతి రోబో తన పొరుగువారి సగటును అనుసరిస్తే గుంపంతా ఒక దిక్కుకు ఎప్పుడు తిరుగుతుందన్నది మూల ప్రశ్న. జవాబు గుంపులోని సంబంధాలు ఎలా అల్లుకున్నాయన్నదానిమీద ఆధారపడుతుంది.

వేలసార్లు నడిపి నేర్పించే యంత్ర అభ్యసన పద్ధతులు వచ్చాక ఈ గణితమంతా పాతబడిందనే మాట తరచుగా వినిపిస్తోంది. నేను దానితో ఏకీభవించలేను. జారుడు నేలను, చెప్పలేని ఘర్షణను నేర్చుకోవడంలో ఆ పద్ధతులు నిజంగానే సమీకరణాలను మించిపోయాయి. అయితే ఆలస్యం పెట్టిన హద్దును అభ్యాసం చెరపలేదు, పక్క దిక్కు మూసుకుపోవడాన్ని తెరవలేదు. సాఫీగా మారే ఏ నాడీజాలమూ (న్యూరల్ నెట్‌వర్క్) ప్రస్తుత స్థితిని మాత్రమే చూస్తూ బ్రాకెట్ షరతును తప్పించుకోలేదు. అందుకే ఇప్పుడు చాలా పరిశోధన ఈ రెంటినీ జోడిస్తోంది: నేర్చుకున్న భాగం ఒక సలహా ఇస్తుంది, నిరూపణ ఉన్న భాగం ఆ సలహా ప్రమాదపు హద్దు దాటితే దాన్ని కనీసమాత్రంగా సవరిస్తుంది.

ప్రయోగశాలలో మన రోబో చివరకు ఏం చేస్తుంది? నియమం నిరూపితమైనదే, తప్పుల సంఖ్య తగ్గుతూ వస్తోంది. గమ్యానికి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో కంట్రోలర్ మోటారుకు ఎంత చిన్న వోల్టేజీ పంపుతుందంటే, గేర్ల ఘర్షణను దాటడానికి అది చాలదు. ఆజ్ఞ ఉంది, కదలిక లేదు. పేరుకుపోయిన తేడాను లెక్కపెట్టే పీఐడీ భాగం నెమ్మదిగా బలం పుంజుకుని ఒక్కసారిగా తోస్తే రోబో గమ్యాన్ని దాటి అటువైపు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆగి, మళ్ళీ మొదలుపెడుతుంది. కొంతసేపు దీన్ని చూసిన పరిశోధకులు అయిదు మిల్లీమీటర్ల లోపుకు వస్తే మోటార్లను ఆపేయాలని ప్రోగ్రాములో ఒక పంక్తి చేర్చి, గమ్యంగా ఉన్న ఛార్జింగు గూటి ముఖద్వారాన్ని గరాటులా వెడల్పు చేసి, మిగిలిన ఆ కాస్త తేడాను రెండు ఏటవాలు రేకులకు అప్పగిస్తారు.